ఆజుర్ నెల మచ్లీ



2020 అక్టోబర్ 13 రాత్రి మా గల్లీలోకి నీళ్ళు వచ్చాయి. ఆ బారిష్ హైదరాబాద్ వాళ్ళెవరూ మరచిపోరు. 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్ల వాన. చాంద్రాయణగుట్ట వైపు పల్లె చెరువు పొంగింది. దిగువన ఉన్న మొహల్లాలు మునిగాయి. మూడు నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట కూడా తెగింది. మనవాళ్ళు ఎంతోమంది రాత్రికి రాత్రి కట్టుబట్టలతో మేడలెక్కారు. కొందరి ఇళ్ళలో జనాజాలు లేచాయి. అల్లాహ్ వాళ్ళకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

మా ఇంట్లో నడుము లోతు వచ్చి రెండో రోజుకు మోకాళ్ళ దాకా దిగింది. ఆ రోజు పొద్దున మా అబ్బాయి మెట్ల మీద కూర్చుని గట్టిగా అరిచాడు. "అబ్బూ, మచ్లీ!" చూస్తే నిజమే. నల్లగా, పాము తలలాంటి తలతో, జానెడు పైన ఉన్న కొరమేను. మన హైదరాబాదీలు మరల్ అంటామే, అది. పక్కింటి పిల్లలు బిందె అడ్డం పెట్టి పట్టేశారు. అది మా బాల్చీలోకి వచ్చింది.

వాడు నన్ను అడిగిన సవాల్ ఇది. "అబ్బూ, ఇది మన గల్లీలోకి ఎందుకు వచ్చింది?"

బురద తోడే హడావుడిలో ఏదో జవాబు చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు. దాని అసలు జవాబు మా దాదాజాన్ మర్హూమ్ రాసుకున్న ఒక పాత హిసాబ్ కితాబ్‌లోనూ, మన షహర్ తారీఖ్‌లోనూ దొరికింది. ఆ ఖిస్సానే ఈ రోజు మీకు చెబుతున్నాను.

ఆజుర్ అంటే ఏమిటి

దాదాజాన్ నిజాం జమానాలో బాన్సువాడ వైపు గిర్దావర్‌గా నౌకరీ చేశారు. రెవెన్యూ కొలువు. ఊరూరూ తిరిగి పంట చూడాలి, ఆనావారీ రాయాలి, తాలాబ్‌లు నిండాయో లేదో పైకి ఖబర్ పంపాలి. ఆయన ఇంటి ఖర్చుల పుస్తకంలో తారీఖులన్నీ ఫస్లీలో ఉంటాయి. 1352 ఫస్లీ అని ఒక పేజీ మొదలవుతుంది. అంటే మన లెక్కలో 1942 అక్టోబర్.

ఈ తరం పిల్లలకు ఫస్లీ సాలు తెలియదు. హిజ్రీ కేలండర్ చాంద్ మీద నడుస్తుంది కాబట్టి రంజాన్ ఒకసారి ఎండల్లో వస్తుంది, ఒకసారి చలిలో వస్తుంది. ఇబాదత్‌కు అది సరిపోతుంది. శిస్తు వసూలుకు సరిపోదు. పంట చేతికొచ్చే వేళకే శిస్తు అడగాలి కదా. అందుకే సర్కారు కాగితాలకు మౌసమ్‌తో పాటు నడిచే ఫస్లీ సాలు వాడారు. ఫసల్ అంటే పంట. హైదరాబాద్ రియాసత్‌లో ఆ సాలు ఆజుర్ నెలతో మొదలై ఆబాన్ నెలతో ముగిసేది. ఆజుర్ ఒకటో తారీఖు అంటే ఇంచుమించు అక్టోబర్ 6.

గమనించారా? మన రియాసత్‌లో కొత్త సంవత్సరం వానలు వెనక్కి తగ్గే రోజుల్లో, చెరువులు నిండి ఉన్న రోజుల్లో మొదలయ్యేది. తెలుగు రైతు దాన్నే హస్త కార్తె, చిత్త కార్తె అంటాడు. ఇద్దరూ చూసేది ఒకే నీటిని. ఈ ఏడు తినడానికి ఉందా లేదా అన్నది ఆ వారాల్లో తేలిపోతుంది.

దాదాజాన్ పుస్తకంలో ప్రతి ఆజుర్‌లోనూ ఒక మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. "మచ్లీ, తాలాబ్ సే." ఖర్చు ఖానా ఖాళీ. అంటే కొన్నది కాదు, ఆయనే గాలం వేసి పట్టుకొచ్చింది. జుమా నమాజ్ అయ్యాక గాలం పట్టుకుని కట్ట మీదికి వెళ్ళేవారట. ఆయనకు అదొక్కటే షౌక్.

"పైలే పానీ కూ దేఖో"

మా అబ్బాకు చేపలు పట్టడం దాదాజానే నేర్పారు. అబ్బా నాకు నేర్పారు. మొదటి సబక్ ఎప్పుడూ ఒకటే. "పైలే పానీ కూ దేఖో బేటా, మచ్లీ కూ బాద్ మే." ముందు నీళ్ళు చూడు, చేప సంగతి తర్వాత.

నీళ్ళలో చూడాల్సింది మొదట రంగు. భాద్రపదం దాకా తాలాబ్‌లో ఎర్రనీళ్ళే. ఆ మట్టినీళ్ళలో చేపకు ఎర కనిపించదు. వాసన పట్టి రావాలి. కాబట్టి వానపామే గతి. వాన ఆగి రెండు మూడు వారాలయ్యాక మట్టి అడుగుకు దిగుతుంది, నీళ్ళు తేటపడి కాస్త ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు పిండి ముద్దకు రవ్వ వస్తుంది. బొచ్చె గాలానికి అంత తేలిగ్గా చిక్కదు. అది పై నీళ్ళలో సన్నని నాచునూ కంటికి కనపడని పురుగునూ వడగట్టుకుని తినే జాత్. మోసు అడుగున బురద వెతుక్కుంటుంది. ఒకే తాలాబ్‌లో పైన బొచ్చె, మధ్యలో రవ్వ, అడుగున మోసు. ముగ్గురికీ ఎవరి దస్తర్‌ఖాన్ వాళ్ళది.

రెండోది, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. వాగు తాలాబ్‌లో కలిసే మూల దగ్గర కొత్త నీరు ఉంటుంది. ఆ నీటిలో ఊపిరి ఎక్కువ, కొట్టుకొచ్చిన మేత ఎక్కువ. చేపలు అక్కడ మూగుతాయి. చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు ఇంకో తమాషా చూడొచ్చు. చేపకు ఎదురీదే ఫిత్రత్ ఉంది. దిగువ చెరువులో చేప ఆ ధారను పట్టుకుని పైకి రావాలని చూస్తుంది. అందుకే మత్తడి కింద వలలు కడతారు, పిల్లలు బుట్టలు పెడతారు.

మూడోది ఆస్మాన్. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాస్తే మంచిది. గాలి లేకుండా, మబ్బు కమ్మి, ఉక్కగా ఉన్న తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. కొత్తవాళ్ళు చూసి అబ్బో ఎన్ని చేపలు అనుకుంటారు. పగలు ఎండలో నాచు నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, చేపలతో పాటు ఆ ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు జమ తక్కువ, ఖర్చు మామూలే. తెల్లవారే సరికి ఖజానా ఖాళీ. అలాంటి పొద్దున గాలం వెయ్యొద్దనేవారు అబ్బా. ఊపిరాడని చేప ఎర ముట్టదు.

నాలుగోది వక్త్. చేప ఒళ్ళు నీటి వేడిని బట్టే నడుస్తుంది. ఆజుర్ మొదట్లో నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి కాబట్టి పొద్దున, సాయంత్రం బాగా తింటుంది. స్వాతి కార్తె దాటి రాత్రులు చల్లబడ్డాక పొద్దున్నే వెళ్ళి ఫాయిదా లేదు. ఎండెక్కి నీళ్ళు కాస్త వేడెక్కాక, జొహర్‌కు అటూ ఇటూ వెళ్ళాలి. వానల్లో గుడ్లు పెట్టి చిక్కిన చేప ఈ రెండు నెలల్లో తిని ఒళ్ళు చేస్తుంది. ఆజుర్ మచ్లీ సాలన్‌లో చర్బీ తేలుతుందని మా దాదీ అనేవారట.

ఇంకొక షర్త్ ఉండేది. వానల్లో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద తిరుగుతుంటే దాని కింద కొరమేను జంట కాపలా ఉంటుంది. వాటి మీదికి గాలం వెయ్యకూడదు. "బచ్చోంవాలీ కూ నక్కో" అనేవారు దాదాజాన్. ఆ పిల్లలు పెద్దవై విడిపోయేది కూడా ఈ ఆజుర్ రోజుల్లోనే. కాపలా అయిపోయాక షికార్ హలాల్, అప్పటిదాకా సబర్.

కార్తీకం వస్తే మా హిందూ పడోసీలు చాలామంది నీచు మానేసేవారు. బజార్లో చేప ధర దిగేది. అమ్మీ ఆ నెల కోసం చూసేది. చింతపండు పులుసు, వేయించిన పల్లీ, నువ్వులు, కొబ్బరి నూరి చేసే ఖట్టా సాలన్ మా ఇంట్లో ఎక్కువ వండింది కార్తీకంలోనే. పక్కింటి పిన్నిగారు మూతి ముడుచుకుని, "వదినా, ఈ నెల కిటికీ అయినా మూయండి" అని నవ్వేవారు.

చేప నడిచే రాస్తా

ఇప్పుడు మా అబ్బాయి సవాల్‌కు వస్తాను. గల్లీలోకి చేప ఎందుకు వచ్చింది?

దక్కన్‌లో కశ్మీర్‌లాగా మంచు కరిగి నిండే సరస్సులు లేవు. ఇక్కడి రాతి నేల మీద నాలుగు నెలలు కురిసే వానను ఎవరో ఒకరు కట్ట వేసి ఆపితేనే నీళ్ళు. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం అలా వచ్చాయి. 1562లో ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ హుస్సేన్ సాగర్ కట్టించారు. దానికి మూసీ నుంచి కాలువ తీశారు. 1804లో మొదలై 1806లో, మీర్ ఆలం దీవాన్‌గా ఉన్నప్పుడు, పాత బస్తీ దక్షిణాన మీర్ ఆలం తాలాబ్ వచ్చింది. దాని కట్ట చూడకపోతే ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. 21 అర్ధచంద్రాకారపు రాతి కమాన్లు పక్కపక్కన నిలబడి నీటిని ఆపుతాయి. రెండు వందల ఏళ్ళు దాటినా ఖాయంగా ఉంది. పాత బస్తీ ఒకప్పుడు తాగింది ఆ నీళ్ళే.

ఈ పెద్ద తాలాబ్‌ల చుట్టూ వందల చిన్న చెరువులు. వాటినే గొలుసుకట్టు చెరువులు అంటారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి, ఆఖరికి మూసీకి. నీళ్ళకు ఉన్న ఆ రాస్తానే చేపకూ రాస్తా. ఏటా వానల్లో కొన్ని వారాల పాటు చెరువులన్నీ ఒకే సంసారం. ఎండాకాలంలో ఎండిపోయిన చెరువులోకి మళ్ళీ చేప వచ్చేది ఆ దారిలోనే.

చెరువు కడుపు భూమికి మన రెవెన్యూ కాగితాల్లో ఒక పేరుంది. శిఖం. ఈ లఫ్జ్ ఫార్సీ నుంచి వచ్చింది. షికమ్ అంటే పొట్ట. దాదాజాన్ లాంటి గిర్దావర్లు శిఖం భూమిని విడిగా రాసేవారు. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోతే అక్కడ దోసకాయో పుచ్చకాయో వేసుకోవచ్చు, వాన రాగానే వదిలేయాలి. పొట్ట నిండే మౌసమ్‌లో పొట్ట మీద ఎవరూ ఇల్లు కట్టరు కదా.

మా అబ్బాయికి ఇప్పుడు నేనిచ్చే జవాబు ఇది. బేటా, చేప మన గల్లీలోకి రాలేదు. అది దాని పాత రాస్తాలో పోతోంది. ఆ రాస్తాలో మన ఇల్లు ఉంది.

ఈ మాట నాకు చెప్పుకోవడం కష్టంగానే ఉంది. అబ్బా 1980లలో ఆ ప్లాట్ కొన్నప్పుడు కాగితాలన్నీ సరిగానే ఉన్నాయన్నారు. అమ్మినవాడు చెరువు మాట ఎత్తలేదు. గరీబులకు షహర్‌లో దొరికేది అలాంటి పల్లపు జాగానే. తప్పు మొత్తం ఇల్లు కట్టుకున్న వాళ్ళదే అంటే అది నాఇన్సాఫీ. కానీ నీళ్ళకు ఇవేవీ తెలియవు.

తుగ్యానీ

ఇలాంటి రాత్రి మన షహర్‌కు 1908లోనూ వచ్చింది. సెప్టెంబర్ 28. హిజ్రీ 1326 రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ఫస్లీ సాలు ఆఖరి రోజులు, ఆజుర్‌కు వారం ముందు. పెద్దలు దాన్ని తుగ్యానీ సితంబరీ అనేవారు. మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఊడ్చేసింది. సుమారు 15,000 మంది పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజే తల్లినీ, బీవీనీ, బేటీనీ పోగొట్టుకున్నారు.

ఆ తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీస్తే షహర్‌కు పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయి. వాటిలో 221 తెగాయి. ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగండి. ఒకదాని నీళ్ళు ఒకటి అందుకునే గొలుసు అది. అసాధారణమైన వానకు పైన ఒకటి తెగితే ఆ భారం కిందిదాని మీద పడుతుంది, అది తెగితే దాని కిందిదాని మీద. మామూలు ఏడు నీళ్ళనూ చేపనూ మెల్లగా దించే నిచ్చెనే ఆ రాత్రి కూలిపోతూ షహర్ మీద పడింది.

విశ్వేశ్వరయ్య సలహా మీద షహర్‌కు పైన రెండు పెద్ద జలాశయాలు వచ్చాయి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. సైలాబ్‌ను ఆపడం, తాగునీరు ఇవ్వడం వాటి పని. 1931 నాటికి మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిజాం సాగర్ సిద్ధమైంది. మా దాదాజాన్ గాలం వేసిన తాలాబ్‌లు ఆ ఇలాకాలోవే.

పెద్ద నీళ్ళు వచ్చాయి కాబట్టి వాటిలో ఏముందో తెలుసుకోవాలన్న ఖయాల్ కూడా వచ్చింది. 1940లలో రహీముల్లా, మహ్మూద్ హైదరాబాద్ రియాసత్ చేపల మీద సర్వే చేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలుగా అచ్చు వేయించారు. షహర్ చుట్టుపక్కల చేపల మీద ఒక భాగం, నిజామాబాద్ జిల్లా చేపల మీద ఇంకో భాగం. మన తారీఖ్ అంటే నవాబుల కిలాలు, హవేలీలే గుర్తొస్తాయి. ఏ నీటిలో ఏ చేప ఉందో నీళ్ళ దగ్గర కూర్చుని రాసిన మనుషులు కూడా మన తారీఖే. వాళ్ళ పేర్లు మన పిల్లలకు తెలియాలి.

సీడ్ వచ్చింది, నీళ్ళు పోయాయి

రవ్వ, బొచ్చె, మోసు పారే వరదనీటిలో గుడ్లు పెడతాయి. నిలవ ఉన్న చెరువులో పెద్దవవుతాయి కానీ మామూలుగా గుడ్లు పెట్టవు. కాబట్టి వీటి పిల్ల ఎప్పుడూ నది నుంచే రావాలి. అయితే దానంతట అది రావాలి, లేదంటే మనుషులు నదిలో పిల్లను పట్టి తెచ్చి వదలాలి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి చేపకు పిట్యూటరీ గ్రంథి సారం సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. అందుకే జులై 10 దేశమంతటా చేపల రైతుల రోజు. ఈ రోజు మనం బజార్లో కొనే రవ్వ, బొచ్చె ఎక్కువగా ఆ హునర్ వల్ల పుట్టినవే. తెలంగాణ సర్కారు 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లను వదులుతోంది. ముదిరాజులు, గంగపుత్రుల సహకార సంఘాలు వాటిని పెంచి పట్టుకుంటున్నాయి. వదిలే కాలం కూడా ఇదే. వానకు చెరువు నిండాక.

అంటే పిల్లకు కొరత లేదు. కొరత నీళ్ళకు.

తాలాబ్ కట్టా మొహల్లా పేరు విన్నారు కదా. అక్కడ మీర్ జుమ్లా తాలాబ్ ఉండేది. కట్ట పేరు మిగిలింది, తాలాబ్ లేదు. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తాలాబ్. అక్కడా పేరే మిగిలింది. మిగిలిన చెరువుల్లోకి మోరీ నీళ్ళు, కార్ఖానాల నీళ్ళు వచ్చాయి. హుస్సేన్ సాగర్‌లో చేపలు తెల్లగా పొట్ట పైకి తేలాయన్న ఖబర్ మనకు కొత్త కాదు.

మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవ ఒకటి జరిగింది. మా చిచ్చా మీర్ ఆలం తాలాబ్ దగ్గర పుట్టి పెరిగిన మనిషి. గాలం అంటే ప్రాణం. ఒక అక్టోబర్‌లో, వానలు ఆగిన కొత్తలో, రెండు పెద్ద మరల్ పట్టుకుని ఖుషీగా మా ఇంటికి వచ్చారు. అమ్మీ చేపలు కోసి, వాసన చూసి, అబ్బా వైపు చూసింది. ఏమీ అనలేదు. సాలన్ వండింది. పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇల్లంతా మోరీ వాసన. దేగ్చీ దింపి మొత్తం పెరట్లో గుంట తీసి పూడ్చేసింది. చిచ్చా ముఖం ఎర్రబడింది. "బతికున్న చేప తెచ్చాను భాబీ, గంట దాకా ఎగిరింది. ఖరాబ్ నీళ్ళయితే అది బతుకుతుందా?" అన్నారు. ఆ రోజు నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మూడు నెలలు మా ఇంటికి రాలేదు.

అప్పుడు ఆయనకు జవాబు మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. కొరమేను మిగతా చేపల్లాంటిది కాదు. తల లోపల దానికి గాలి పీల్చుకునే అర ఒకటి ఉంది. పైకి వచ్చి మనలాగే గాలి మింగుతుంది. అందుకే బజార్లో తడి గోనెలోనూ, కాసిని నీళ్ళ తొట్టిలోనూ గంటల కొద్దీ బతుకుతుంది. నీటిలో ఆక్సిజన్ అయిపోయినప్పుడు మొదట పోయేవి రవ్వ, బొచ్చె. ఆఖరిదాకా మిగిలేవి మరల్, ఇంకొన్ని గాలి పీల్చే మీసాల చేపలు. అంటే అది బతికి ఉండటం నీళ్ళు బాగున్నాయన్న సబూత్ కాదు. పైగా దాని ఒంట్లో నీటిలోని సీసం లాంటి జహర్ చేరుతూనే ఉంటుంది. అమ్మీకి ఈ సైన్స్ తెలియదు. ముక్కు చెప్పింది విన్నది.

చిచ్చా 2009లో పోయారు. ఈ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

బాల్చీలో మచ్లీ

ఇక మా బాల్చీ సంగతి. మా బేగం వండనని ఖచ్చితంగా చెప్పేసింది. అమ్మీ దేగ్చీ ఖిస్సా ఆమెకూ తెలుసు. అబ్బాయి దానికి అప్పుడే ఒక పేరు కూడా పెట్టాడు. "తాలాబ్‌లో వదిలేద్దాం అబ్బూ" అన్నాడు. ఎంత తేలిక మాట! నాలుగో రోజు స్కూటర్ మీద బాల్చీ పెట్టుకుని బయలుదేరాం. మొదట దగ్గరలో ఉన్న చెరువుకు వెళ్ళాం. నీళ్ళ మీద గుర్రపు డెక్క, నురగ. కట్ట మీద ఒక గంగపుత్ర పెద్దాయన వల ఆరబెట్టుకుంటున్నారు. బాల్చీలోకి తొంగి చూశారు.

"ఈడ ఇడుస్తవా సాబ్? బతుకుతది. మరల్ యాడనైనా బతుకుతది. గని దాన్ని తినేటోళ్ళు బాగుండొద్దా?"

"మరి ఎక్కడ వదలమంటావు పెద్దాయనా?"

ఆయన కాసేపు ఆలోచించి చెయ్యెత్తి పడమర వైపు చూపించారు. "పైకి పోవాలె. మా నాయన ఈడ వల ఏస్తే బొచ్చెలు పడ్డయి. నేను ఏస్తే ఇవే పడతయి."

హిమాయత్ సాగర్ గేట్లు తెరిచి ఉన్నాయి కాబట్టి అటు వెళ్ళలేకపోయాం. ఆ ఆదివారం ఊరు దాటి, మా బంధువుల పొలం పక్కన ఉన్న ఒక చిన్న చెరువుకు వెళ్ళాం. మత్తడి సన్నగా దుంకుతోంది. ఎర్రనీళ్ళు ఇంకా తేటపడలేదు. మా అబ్బాయి బాల్చీ వంచాడు. చేప ఒక క్షణం అక్కడే ఆగి, నీళ్ళు వస్తున్న వైపే తిరిగింది. ఎదురుగా.

ఆ వారం దాదాజాన్ పుస్తకం తీశాను. ఆజుర్ పేజీలో ఆయన రాత చూపించి, ఫస్లీ ఏమిటో, శిఖం ఏమిటో వాడికి చెప్పాను. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాల మీద 1996లో 111 జీవో ఆంక్షలు పెట్టింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను తీసేసింది. ఆ రెండూ మన షహర్‌కు పైన మిగిలిన పెద్ద నీళ్ళు. వాటికి ఏమవుతుందో చూస్తూ ఉండటం సియాసత్ చేసేవాళ్ళ పని మాత్రమే అనుకోకండి. సైలాబ్ వచ్చినప్పుడు ముందు మునిగేది మన గల్లీలే.

మీ ఇంట్లో పెద్దలుంటే ఈ ఆదివారం అడగండి. మీ మొహల్లా పక్కన ఏ తాలాబ్ ఉండేది, దాని మత్తడి ఎటు దుంకేది, దానిలో ఏ చేప పడేది. రాసి పెట్టుకోండి. ప్లాట్ కొనబోతుంటే శిఖమా కాదా అని ముందు చూడండి. చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడి దాకా ఉందో అడిగి తెలుసుకోండి. అమ్మేవాడు చెప్పడు.

మా అబ్బాయి ఆ పుస్తకంలో ఖాళీగా ఉన్న ఆఖరి పేజీలో పెన్సిల్‌తో ఒక లైన్ రాశాడు. 2020 అక్టోబర్, మచ్లీ ఒకటి, గల్లీ సే. ఖర్చు ఖానాలో ఏమి రాయాలని అడిగాడు. ఖాళీగా ఉంచమన్నాను.